పిండాన్ని దిద్దుతామంటున్నారు: మా అక్కకు నేను ఎందుకు వద్దన్నాను

పిండ దశలోనే జన్యువులను సవరించే పరిశోధన కోసం అమెరికాలో ప్రివెంటివ్ అనే కంపెనీ దాదాపు 3 కోట్ల డాలర్లు సమకూర్చుకుందని 2025 చివర్లో వార్తలు వచ్చాయి. పెట్టుబడి పెట్టినవాళ్లలో చాట్‌జీపీటీ తయారుచేసిన కంపెనీ అధినేత శామ్ ఆల్ట్‌మన్ కూడా ఉన్నాడట. డాలస్‌లో ఉండే మా తమ్ముడు ఆ వార్తను బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద ఒక్క ముక్క రాశాడు: "అక్క రెండో కాన్పుకు ఇది పనికొస్తుందేమో చూడండి."

గ్రూపులో ఎవరూ నోరు మెదపలేదు. ఇద్దరు ముగ్గురు దండం బొమ్మలు పెట్టి ఊరుకున్నారు. రాత్రికి అక్క నాకు విడిగా రాసింది: "ఇది నిజమేనా? మనదాకా ఎప్పుడు వస్తుంది?"

ఇలాంటివన్నీ మా ఇళ్లలో నన్నే అడుగుతారు. నేను చదివింది బయోటెక్నాలజీ, చేస్తున్నది కడపలో బ్యాంకు ఉద్యోగం. సీమలో ఆ చదువు చదివిన మా తరానికి ఇందులో వింతేమీ కనబడదు.

వస్తే గిస్తే వచ్చినప్పుడు కూడా వద్దని చెప్పాను. అక్క ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఎందుకు వద్దన్నానో నాకు నేను విప్పి చెప్పుకుందామని కూర్చుంటే తెలిసిందేమిటంటే, ఈ విషయం మీద పత్రికల్లో మామూలుగా కనబడే అభ్యంతరాల్లో చాలావరకు మా అక్క ముందు నిలబడవు.

24 దగ్గర ఆగిపోయిన ప్రోటీన్

అక్క మా పెద్దమ్మ కూతురు. పెద్దమ్మను మా అవ్వ తన సొంత తమ్ముడికే ఇచ్చింది. అంటే మా అమ్మకు మేనమామ అయినాయన నాకు పెదనాన్న అయ్యాడు. వరసలు ఇలా అడ్డం తిరగడం మా వైపు మామూలే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో కూడా ఆంధ్రప్రదేశ్‌లో ఇంచుమించు నాలుగు పెళ్లిళ్లలో ఒకటి రక్తసంబంధీకుల మధ్య జరిగినదే. పొలం బయటికి పోదు, పిల్ల కళ్లెదుటే ఉంటుంది అని అవ్వ లెక్క. ఆ లెక్కలోకి రానిది ఒకటుంది. మేనమామలో ఒక చెడిన జన్యువు దాగి ఉంటే అదే మేనకోడలిలోనూ ఉండే అవకాశం నాలుగింట ఒకటి. ఇద్దరిలోనూ ఉంటే, బిడ్డకు రెండు వైపుల నుంచీ చెడినదే అందే అవకాశం మళ్లీ నాలుగింట ఒకటి. బయటి సంబంధంలో ఇంత దగ్గరి లెక్క రాదు.

అక్క పుట్టుచెవుడుతో పుట్టింది. బధిరుల పాఠశాలలో చదువుకుంది, అక్కడ పరిచయమైన బావనే చేసుకుంది. బావది ప్రొద్దుటూరు, నగల పని. ఆయన తల్లిదండ్రులదీ మేనరికమే, ఆయనదీ పుట్టుచెవుడే. వాళ్ల పాపకూ వినికిడి లేదని తేలాక ముగ్గురికీ హైదరాబాదులో జన్యు పరీక్ష చేయించాం.

జీజేబీ2 అనే జన్యువు కనెక్సిన్ 26 అనే ప్రోటీన్‌ను తయారుచేయిస్తుంది. లోపలి చెవిలో కణానికీ కణానికీ మధ్య సన్నని దారులు వేసేది ఈ ప్రోటీనే. ఆ దారుల వెంట పొటాషియం సరిగా తిరిగితేనే శబ్దం నాడిదాకా చేరుతుంది. పూర్తి ప్రోటీన్‌లో 226 అమైనో ఆమ్లాలు ఉంటాయి. అక్కలో, బావలో 24వ దానికి వచ్చేసరికి తయారీ ఆగిపోతుంది. అక్కడ డీఎన్ఏ అక్షరాలు టీజీజీ అని ఉండాల్సిన చోట టీఏజీ అని ఉంది. మొదటిదానికి అర్థం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని చేర్చమని, రెండోదానికి అర్థం ఇక ఆపేయమని. 300 కోట్ల అక్షరాల్లో ఒక్క అక్షరం తేడా. మన దేశంలో ఈ జన్యువు వల్ల వచ్చే చెవుడులో ఎక్కువగా కనబడే మార్పు ఇదే.

బధిర దంపతులకు బధిర పిల్లలే పుడతారని చాలామంది అనుకుంటారు. అలా ఏమీ లేదు. చెవుడుకు కారణమయ్యే జన్యువులు వందకు పైగా ఉన్నాయి. భార్యలో చెడినది ఒకటి, భర్తలో చెడినది మరొకటి అయితే సాధారణంగా పిల్లలందరికీ వినపడుతుంది. అక్క, బావల విషయంలో ఆ వెసులుబాటు లేదు. ఇద్దరిలోనూ ఒకే జన్యువు, తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతులూ చెడినవే. వాళ్లకు పుట్టే ప్రతి బిడ్డకూ ఇదే చెవుడు రావాల్సిందే.

ఎవరినడిగి చేశారు?

పిండాన్ని సవరించకూడదనేవాళ్లు ముందుగా చెప్పే మాట, పుట్టబోయే బిడ్డ సమ్మతి లేదని. ఆ మార్పు బిడ్డతో ఆగక మనవలకూ మునిమనవలకూ పోతుంది కదా, వాళ్లనెవరు అడిగారని. కడపలో కూర్చుని వింటే ఈ వాదానికి నాకు తల ఊపబుద్ధి కాదు. అవ్వ తన తమ్ముడికి కూతుర్ని ఇచ్చేటప్పుడు అక్కను అడిగిందా? పుట్టబోయే వాళ్ల జన్యువుల గురించి అంత పెద్ద నిర్ణయం ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక తాంబూలాలతో తేలిపోయింది. అవ్వకు జన్యువుల సంగతి తెలియదంటారా? అక్క పరీక్ష ఫలితాలు ఇంటిల్లిపాదికీ తెలిసిన తర్వాత కూడా మా బంధువుల్లో ఇంకో మేనరికం జరిగింది. అందరం వెళ్లి భోంచేసి వచ్చాం.

తల్లిదండ్రులు పిల్లల గురించి, పిల్లలనడగకుండా నిర్ణయాలు చేస్తూనే ఉంటారు. చేయకపోవడం కూడా ఒక నిర్ణయమే. అక్షరం మార్చడానికి బిడ్డ సమ్మతి కావాలనేవాళ్లు, మార్చకుండా వదిలేయడానికి ఎవరి సమ్మతి తీసుకున్నారో కూడా చెప్పాలి కదా.

దేవుడి పనిలో వేలు పెట్టకూడదన్న అభ్యంతరాన్ని నేను ఇంకా తొందరగా దాటేస్తాను. పాప తలలో వినికిడి పరికరం (కాక్లియర్ ఇంప్లాంట్) అమర్చినప్పుడు ఆ మాట అన్నవాళ్లెవరూ లేరు. ఇక ప్రకృతి మాటంటారా, ప్రతి బిడ్డలోనూ తల్లిదండ్రుల్లో లేని కొత్త మార్పులు అరవై డెబ్బై దాకా దానంతట అదే చేసి పెడుతుంది. తండ్రి వయసు పెరిగేకొద్దీ ఇంకాస్త ఎక్కువ. అందులో ఏది ఎక్కడ పడుతుందో దానికే తెలియదు.

ఏరుకోవడానికి ఏమీ లేని చోట

వీటికంటే బరువైన వాదం ఒకటుంది: సవరించాల్సిన అవసరమే అరుదు, ఏరుకుంటే చాలు. ఒంటి బయట పిండాన్ని తయారుచేసే ఐవీఎఫ్‌లో నాలుగైదు పిండాలు తయారవుతాయి. వాటికి జన్యు పరీక్ష చేసి, జబ్బు లేనిదాన్ని గర్భంలో పెట్టవచ్చు. మన 2021 సహాయక పునరుత్పత్తి చట్టం కూడా ముందే తెలిసిన వంశపారంపర్య జబ్బుల కోసం ఈ పరీక్షను అనుమతిస్తుంది. ఆడా మగా ఏరుకోవడానికి మాత్రం కాదు.

ఇప్పటిదాకా పిండాల మీద జరిగిన పెద్ద ప్రయోగాలను ఈ వాదంతో పట్టి చూడండి. 2017లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో షౌక్రత్ మితాలిపోవ్ బృందం గుండె కండరం మందమయ్యే జబ్బుకు కారణమయ్యే ఎంవైబీపీసీ3 జన్యువును పిండాల్లో సరిచేశామని ప్రకటించింది. జబ్బు తండ్రి ఒక్కడి నుంచే వస్తోంది కాబట్టి, ఏమీ చేయకపోయినా సగం పిండాలు ఆరోగ్యంగానే ఉంటాయి. వాటిని ఏరుకుంటే సరిపోతుంది. ఇదే జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన మార్పు భారతీయుల్లో నూటికి నలుగురిలో ఉందని 2009లో హైదరాబాదు సీసీఎంబీకి చెందిన తంగరాజ్, సహచరులు బయటపెట్టారు. సవరించడమే దారి అనుకుంటే కోట్ల మంది ఆ క్యూలో నిలబడాలి.

2018లో చైనాలోని షెన్‌జెన్‌లో హ జియాన్‌క్వీ చేసింది ఇంకా అన్యాయం. తండ్రికి హెచ్‌ఐవీ ఉంది, తల్లికి లేదు. పిల్లలకు వైరస్ సోకకుండా సీసీఆర్5 జన్యువును తెంచి కవల ఆడపిల్లలను పుట్టించాడు. తండ్రి నుంచి వైరస్ రాకుండా ఉండటానికి వీర్యాన్ని శుద్ధి చేయడం చాలు. అది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. తల్లికే హెచ్‌ఐవీ ఉన్నా, మందులు సరిగా వాడితే బిడ్డకు సోకే ముప్పు 5 శాతం లోపే. ఈ సంగతి చెప్పడానికి అనంతపురం వైపు వాళ్లకు పుస్తకాలు అక్కర్లేదు. బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రిలో మందులు తీసుకుంటూ వైరస్ లేని పిల్లలను కన్న తల్లులు ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు. షెన్‌జెన్‌లో జన్యువును కోసి సాధించాలనుకున్నది ఇక్కడ మాత్రలతో జరుగుతోంది.

ఈ వాదం అక్క గడప దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. ఆమెకు ఏరుకోవడానికి మంచి పిండం ఒక్కటీ ఉండదు. సవరింపు తప్ప గత్యంతరం లేని అతి కొద్దిమందిలో ఆమె ఒకరు. 2019లో మాస్కోలో డెనిస్ రెబ్రికోవ్ సరిగ్గా ఇలాంటి జంటల కోసమే, ఇదే జీజేబీ2 జన్యువును పిండంలో దిద్దుతానని ముందుకు వచ్చాడు. అక్కడి వాళ్లలో మార్పు వేరు, చెవుడు ఒకటే. ఇది తొందరపాటని రష్యా ఆరోగ్య శాఖ అడ్డు చెప్పింది.

ఈ సవరింపు మాట రాకముందు అక్కను, బావను తీసుకుని ఒక పెద్ద ఊరిలోని సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్లాం. పేరు అనవసరం. రంగుల ఫైలు పట్టుకుని కూర్చున్న అమ్మాయి, పిండ పరీక్షతో "వినికిడి ఉన్న బిడ్డను ఇస్తాం" అంది. ప్యాకేజీ ధర చెప్పింది, వాయిదాలు చెప్పింది. నేను జన్యు పరీక్ష కాగితం తీసి, ఇద్దరిలో రెండు ప్రతులూ చెడినవే కదా, ఏ పిండాన్ని ఏరతారు అని అడిగాను. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "సార్ వచ్చాక చెబుతారు, ముందు రిజిస్ట్రేషన్ చేసుకోండి" అంది. అక్క ఆ అమ్మాయి పెదాలనే చూస్తోంది. ఇస్తాం అన్న మాట ఆమెకు అందింది. తర్వాత నేను అడిగింది, ఆ అమ్మాయి తడబడింది అంతగా అందినట్లు లేదు. మెట్లు దిగేటప్పుడు ఎంత కట్టాలని నన్ను సైగతో అడిగింది.

ఆ కాగితం నా చేతిలో లేకపోతే వాళ్లు కట్టేవాళ్లే. పని చేయదని ముందే తెలిసిన పరీక్షను అలా అమ్మేవాళ్ల చేతికి, పని చేసిందో లేదో ముప్ఫై ఏళ్లకు కానీ తేలని పద్ధతిని అప్పగిస్తే ఏమవుతుంది? నా వద్దు మొదలైంది ఇక్కడ.

గీటురాయికి అందనిది

అక్షరాన్ని మార్చే పనిముట్టు లేదా అంటే ఉంది. 2017లో డేవిడ్ లియూ బృందం తయారుచేసిన ఎడిటర్ డీఎన్ఏ రెండు పోగులనూ తెంచకుండా 'ఏ' అనే అక్షరాన్ని 'జీ'గా మారుస్తుంది. అక్క జన్యువులో కావాల్సింది అచ్చంగా అదే. 2025లో ఫిలడెల్ఫియాలో కాలేయానికి సంబంధించిన అరుదైన జబ్బుతో పుట్టిన కేజే అనే పసివాడికి ఈ జాతి ఎడిటర్‌నే, వాడి ఒక్కడి కోసం తయారుచేసి ఇచ్చారు. ఇక్కడే తేడా చూడాలి. కేజేకి మందు వెళ్లింది కాలేయ కణాల్లోకి. ఎంత పని చేసిందో రక్త పరీక్షల్లో కనబడుతూ వచ్చింది. కొంచెం ఇచ్చి చూశారు, తర్వాత మోతాదు పెంచారు. జరగరానిది ఏదైనా జరిగితే అది వాడితో ఆగుతుంది.

పిండంలో అలా కుదరదు. అయిదో రోజు పిండంలో వంద నుంచి రెండు వందల కణాలు ఉంటాయి. పరీక్షకు తీసేది అయిదారు కణాలు, అవి కూడా తర్వాత మాయ (ప్లాసెంటా)గా మారే బయటి పొర నుంచి. లోపల బిడ్డ అయ్యే కణాలను ముట్టుకోరు, ముట్టుకుంటే పిండం మిగలదు. ఎడిటర్ తన పని ముగించేలోపే కణం రెండుగా చీలితే, కొన్ని కణాల్లో మార్పు జరిగి కొన్నిటిలో జరగకుండా ఉండిపోతుంది. బయటి పొర బాగుందని వచ్చిన నివేదిక లోపలి సంగతి చెప్పదు.

ఇది బావకు వివరించడానికి నాకు అవస్థ అయింది. ఆయన మాత్రం చటుక్కున పట్టుకున్నాడు. పనిబల్ల మీదున్న గీటురాయి తీసి, ఒక ఉంగరాన్ని గీసి చూపించాడు. గీత పచ్చగా పడింది. తర్వాత ఉంగరం మందం వైపు వేలు పెట్టి, అడ్డంగా కోసినట్లు సైగ చేశాడు. లోపల ఏముందో తెలియాలంటే కోసి కరిగించాలి, అప్పుడిక ఉంగరం ఉండదు అని. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో పెరిగినవాడికి ఈ మాట ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

జరిగిన ప్రయోగాలు కూడా ఇదే చెబుతున్నాయి. 2020లో న్యూయార్క్‌లో డీటర్ ఎగ్లి బృందం అంధత్వానికి కారణమయ్యే ఈవైఎస్ జన్యువును పిండాల్లో క్రిస్పర్ అనే జన్యు కత్తెర‌తో కోసి చూసింది. తెగిన చోట్లలో దాదాపు సగం అతుక్కోలేదు. కణం చీలేటప్పుడు ఆ క్రోమోజోమ్ ముక్క ఒకటో, మొత్తమో పోయింది. మామూలు పరీక్షలో చూస్తే చెడిన ప్రతి కనబడదు కాబట్టి సరైపోయిందని అనిపిస్తుంది. జబ్బు పోయిందనుకున్న చోట క్రోమోజోమే పోయింది. చైనా కవలల్లో ఒక పాపకు జన్యువు ఒక ప్రతి మాత్రమే మారింది, రెండోది అలాగే ఉంది. ఇంకో పాపలో రెండూ మారాయి కానీ, మనుషుల్లో సహజంగా కనబడే 32 అక్షరాల లోపం అది కాదు. అలాంటి మార్పు మనిషి ఒంట్లో ఏం చేస్తుందో అంతకుముందు ఎవరూ చూడలేదు. ఈ సంగతి పిండం దశలోనే తెలిసి కూడా గర్భంలో పెట్టారు. 2019 డిసెంబరులో అక్కడి కోర్టు హ జియాన్‌క్వీకి మూడేళ్ల జైలు, 30 లక్షల యువాన్ల జరిమానా వేసింది. ఆ పిల్లలు శిక్ష లేకుండానే జీవితాంతం పరిశీలనలో ఉండాలి.

అక్షరాన్ని తెంచకుండా మార్చే ఎడిటర్‌తో క్రోమోజోములు ఊడిపోయే బెడద చాలా తగ్గుతుంది. పక్కనున్న ఇంకో 'ఏ'ను కూడా మార్చేయడం, దూరంగా ఎక్కడో అలాంటి వరసే ఉంటే అక్కడ వేలు పెట్టడం ఉండనే ఉన్నాయి. రేపు అవి కూడా తగ్గవచ్చు. అయినా తగ్గాయని తెలిసేది బిడ్డ పుట్టి, పెరిగి, ఆ బిడ్డకు బిడ్డ పుట్టాకే. పిండాన్ని సవరించడం నా దృష్టిలో పాపం కాదు. సరిచూసుకునే వీలు లేకుండా సవరించి, దాన్ని వైద్యం అని పిలిచి డబ్బు తీసుకోవడం మీదే నా తగాదా.

సుభాష్ ముఖర్జీ అడ్డం వస్తాడు

ఈ వాదానికి ఎదురుగా నన్ను నిద్రపోనివ్వని పేరు ఒకటుంది. కోల్‌కతా వైద్యుడు సుభాష్ ముఖర్జీ. 1978 జులైలో ఇంగ్లాండులో ప్రపంచపు తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీ బ్రౌన్ పుట్టింది. ఆ అక్టోబరు 3న కోల్‌కతాలో, గడ్డకట్టించి దాచిన పిండం నుంచి దుర్గ అని పిలుచుకున్న పాప పుట్టింది. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఆయన మాట నమ్మలేదు. విదేశీ సదస్సుకు వెళ్లనివ్వలేదు. చివరికి కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. 1981 జూన్‌లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. తర్వాత ఎప్పుడో, 1997లో, మరో శాస్త్రవేత్త ఆనంద్ కుమార్ ఆయన కాగితాలు తిరగేసి ఆ ఘనత ఆయనదేనని చాటాడు.

"ఇంకా సమయం రాలేదు" అని పెద్దరికంతో చెప్పేవాళ్ల వల్ల ఎంత నష్టం జరుగుతుందో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. నేనూ ఆ సంఘంలో కూర్చున్నవాళ్లలాగే మాట్లాడుతున్నానా అని చాలాసార్లు అనుకున్నాను. ఎంత తిప్పి చూసినా ఒక తేడా మాత్రం కనబడుతుంది. ఐవీఎఫ్ విఫలమైతే గర్భం నిలవదు. అది నెలలోపు తెలుస్తుంది, నష్టం ఒప్పుకుని వచ్చిన దంపతులదే. బిడ్డ జన్యువుల జోలికి ముఖర్జీ పోలేదు. పిండాన్ని సవరించడంలో వైఫల్యం కూడా పుట్టి, పేరు పెట్టించుకుని, బడికి పోతుంది.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఇంకొకటి. ప్రయోగశాలలో, గర్భంలో పెట్టని పిండాల మీద పరిశోధనను ఆపకూడదు. సవరించిన పిండాన్ని గర్భంలో పెట్టడాన్ని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు నిషేధిస్తున్నాయి, సంతోషం. 2025 మేలో కణ, జన్యు చికిత్సల అంతర్జాతీయ సంఘాలు కొన్ని కలిసి పదేళ్ల విరామం కావాలన్నాయి, అదీ సంతోషం. విరామం పేరుతో మన శాస్త్రవేత్తలు చేతులు కట్టుకుని కూర్చుంటే మాత్రం, పదేళ్ల తర్వాత కూడా అక్క లాంటివాళ్లకు చెప్పడానికి మన దగ్గర ఇదే జవాబు ఉంటుంది.

ఇది ఒకసారి తలుపు తీస్తే ఎత్తు, రంగు, తెలివి దాకా పోతుందనే భయం నాకు అంతగా లేదు. ఎత్తుతో ముడిపడిన డీఎన్ఏ స్థానాలే 12,000కు పైగా ఉన్నాయని 2022లో తేల్చారు. అన్ని చోట్ల దిద్దడం అయ్యే పని కాదు. అయినా అమ్మేవాళ్లు అమ్ముతారు. మన పెళ్లి ప్రకటనలు చదివినవాళ్లు కొనేవాళ్ల గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు.

అక్క వాదం, బావ వాదం

ఇదంతా అక్కకు చెప్పాను. వీడియో కాల్‌లో సైగలతో కొంత, అందనిచోట రాసి కొంత. ఆమె ఓపిగ్గా విని, తన మొదటి కాన్పు సంగతి చెప్పింది. నొప్పులు పడుతుంటే నర్సు మాస్కు పెట్టుకుని ఏదో అరుస్తోంది. పెదాలు కనబడవు. గట్టిగా ఊపిరి బిగబట్టమంటోందో, వద్దంటోందో తెలియదు. బయట కూర్చున్న పెద్దమ్మను లోపలికి రానివ్వలేదు. తప్పు చేస్తున్నానేమోనని ఆ గంటలన్నీ భయపడ్డానని, అంత భయం తన కూతురికి ఇంకోసారి వద్దని చెప్పింది. చివర్లో ఇలా రాసింది: "నీకు వినపడుతుంది కాబట్టి ఆగమంటున్నావు."

దానికి నా దగ్గర జవాబు లేదు. నర్సు మాస్కు తీసి మాట్లాడితే, సైగల భాష తెలిసిన ఒక్క మనిషి ఆ గదిలో ఉంటే, ఆ భయం ఉండేది కాదని చెప్పవచ్చు. అది నిజమే. కానీ సమాజం మారాలి, నువ్వు ఆగు అని ఆమెతో అనడానికి నోరు రాలేదు.

బావది ఇంకో దారి. వినపడే పిల్ల పుడితే ఆయనకు సంతోషమే. వినపడని పిల్ల పుడితే అందులో సరిచేయాల్సింది ఏముందో ఆయనకు బోధపడదు. ఆయన పనిబల్ల దగ్గర వినికిడి లేనివాళ్లు ఇంకా ఉన్నారు, దీపాల కింద చేతులతో రోజంతా కబుర్లే. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ 1883లోనే, బధిరులు బధిరులను పెళ్లి చేసుకుంటే బధిర జాతి ఒకటి తయారవుతుందని అమెరికా శాస్త్రవేత్తల సభలో భయం వెలిబుచ్చాడు. ఆయన తల్లికీ, భార్యకూ కూడా వినపడదు. వినపడేవాళ్లు బధిరుల పిల్లల గురించి లెక్కలు వేయడం అప్పటి నుంచీ ఉన్నదే. నేను కూడా ఇప్పుడు చేస్తున్నది అదే కదా అని బావ అనలేదు కానీ, అన్నట్లే చూశాడు.

భార్యాభర్తల మధ్యే ఇంత తేడా ఉన్నప్పుడు, "దంపతుల ఇష్టం" అని చట్టంలో రాసేస్తే సరిపోతుందా? మా ఇళ్లలో ఆ ఇష్టం అత్తమామలది, ఆడపడుచులది, డాలస్ తమ్ముడిది కూడా అవుతుంది. సవరింపు అందుబాటులోకి వచ్చిన రోజు నుంచి, చేయించుకోని తల్లి ప్రతి పెళ్లిలోనూ, ప్రతి పేరంటంలోనూ సంజాయిషీ చెప్పుకోవాలి. ఇంకా రాని ఆ రోజు గురించే గ్రూపులో వార్త పెట్టేశారు.

పళ్లెం మోత

పాప సంగతి చెప్పి ఆపుతాను. పుట్టిన కొన్ని నెలలకు పెద్దమ్మ వెనక నుంచి స్టీలు పళ్లెం గరిటెతో మోగించింది. పాప తల తిప్పింది. వినపడుతోందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పాప తిరిగింది గోడ మీద కదిలిన నీడను చూసి. అది తెలిసేసరికి విలువైన కాలం గడిచిపోయింది. ఈ రకం చెవుడులో వినికిడి నాడి సాధారణంగా బాగానే ఉంటుంది కాబట్టి కాక్లియర్ ఇంప్లాంట్ చక్కగా పని చేస్తుంది, ఎంత చిన్నప్పుడు పెడితే అంత మేలు. ఆరోగ్యశ్రీ కింద ఆలస్యంగానైనా చేయించాం. ఇప్పుడు పాప "మామా, బిస్కెట్" అని ఫోనులో నన్నే అడుగుతుంది, వాళ్లమ్మకు చేతులతో చెబుతుంది. పరికరం తీగ తెగితే మాత్రం కొత్తది వచ్చేదాకా ఇల్లంతా ఆగిపోతుంది, ఆ ఖర్చు సొంతంగా పెట్టుకోవాలి.

ఓటాఫ్ అనే జన్యువు వల్ల చెవుడు వచ్చిన పిల్లలకు, పుట్టిన తర్వాత చెవిలోకి మంచి జన్యువును ఎక్కించి వినికిడి తెప్పించారని 2024లో చైనా వైద్యులు ప్రకటించారు. జీజేబీ2కు అలాంటి చికిత్స ఇంకా పరిశోధన దశలోనే ఉంది. అది వస్తే, ఎంత పని చేసిందో పాప చెవే చెబుతుంది. పని చేయకపోతే ఆపవచ్చు. పిండాన్ని దిద్దడానికి పోయే డబ్బూ తెలివీ ఇటు రావాలని నా కోరిక.

అంతవరకూ పుట్టిన రెండో రోజో మూడో రోజో చెవి పరీక్ష జరగాలి. ఓఏఈ అనే ఆ పరీక్ష నిద్రపోయే బిడ్డ చెవిలో చిన్న గొట్టం పెట్టి కొద్ది నిమిషాల్లో చేసేయవచ్చు. పుట్టుచెవుడు 2013 నుంచి జాతీయ బాలల ఆరోగ్య కార్యక్రమం జాబితాలో ఉంది. అక్క, బావ రెండో బిడ్డను ఇప్పుడే, ఏ సవరింపూ లేకుండా కందామని నిర్ణయించుకున్నారు. నా వాదం గెలిచి కాదు, వయసు ఆగదని అక్క అంది. కాన్పుకు ఆసుపత్రి వెతికే పని నాకు అప్పగించారు.

ఒక చోట ఆ పరీక్ష ఏమిటని నన్నే అడిగారు. ఇంకో చోట యంత్రం ఉంది, చేసే మనిషి గురువారం మాత్రమే వస్తాడు. మూడో చోట రోజూ చేస్తారు, కాన్పు గదిలోకి తోడుగా ఒక మనిషిని కూడా రానిస్తారు, ప్రొద్దుటూరు నుంచి మాత్రం దూరం. అక్క మూడోదే ఖాయం చేసింది. తోడుగా లోపలికి పెద్దమ్మ వెళ్లాలా, సైగలు ఇంకా బాగా వచ్చిన బావ చెల్లెలు వెళ్లాలా అనేది మాత్రం ఇంకా తేలలేదు.